మిడిమేలపు దొరా, మిడిమేళపు దొరా?

చంపావతి: సుమతీ శతకంలోని ఒక పద్యం నిన్నటి నుంచి నాలిక మీద ఆడుతోంది, పూర్తిగా రావడం లేదు. "...మిడిమేళపు దొరను గొల్చి మిడుకుట కంటెన్" దగ్గర ఆగిపోతున్నాను. ఇక్కడ విజయనగరంలో మా ఆఫీసులో కొత్తగా సూపర్‌వైజర్లయిన వాళ్లకి సోమవారం ఒక గంట మాట్లాడాలి. పై అధికారి తన మాటకి విలువ తనే ఎలా పోగొట్టుకుంటాడన్నది విషయం. స్లైడ్లు పంపారు గానీ వాటిలో ప్రాణం లేదు. పద్యంతో మొదలుపెడదామని.

రాజాం రిటైర్డ్:
అడిగిన జీతం బియ్యని
మిడిమేలపు దొరను గొల్చి మిడుకుట కంటెన్
వడిగల యెద్దుల గట్టుక
మడి దున్నుక బ్రతుకవచ్చు మహిలో సుమతీ!
'మేళపు' కాదమ్మా, 'మేలపు'. మేళం అంటే సన్నాయి, డోలు.

వంశధార: మాస్టారూ, ల-ళ గొడవని ఛందస్సు తేల్చదు. యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం) మి-మి, ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరం) డ. మీరు దిద్దిన అక్షరం ఆ రెండింటికీ బయటే ఉంది. మా అమ్మమ్మ 'మేళపు' అనే చదివేది.

రాజాం రిటైర్డ్: అమ్మమ్మే ప్రమాణమైతే మా అమ్మమ్మ 'మేలపు' అనేది. సరిపోయిందా?

నాగావళి: ల అయినా ళ అయినా నా అనుమానం అర్థం మీద. అచ్చు పుస్తకాల తాత్పర్యాల్లో 'గర్వి అయిన ప్రభువు' అని ఉంటుంది. నాకది ఎప్పుడూ ఆనలేదు. మేలమాడడం అంటే పరిహాసమాడడం కదా. మిడిసిపాటులోని మిడిని దాని ముందు పెట్టి చూడండి. హద్దు మీరిన చనువు, వేళాకోళం అని ఎందుకు కాకూడదు? గర్విష్ఠి జీతం ఆపితే మనిషి కనీసం పోట్లాడతాడు. మేలమాడే దొర ఆపితే ఆ పనీ చెయ్యలేడు. అడిగితే నవ్వి, భుజం తట్టి, టీ చెప్తాడు. ఆ టీ తాగుతూ మిడకాలి, అంటే లోపల్లోపల బాధపడాలి.

చంపావతి గారికి కావలసింది ఇదే అనుకుంటాను. పొద్దున క్యాంటీన్‌లో 'ఒరేయ్' అని భుజం మీద చెయ్యి వేసినవాడే మధ్యాహ్నం లీవు అడిగితే 'నేను నీ ఆఫీసర్ని' అంటాడు. కింది వాళ్లు ఆ చనువునీ నమ్మరు, ఆ గద్దింపునీ నమ్మరు. గర్వంతో పోయే విలువ కంటే ఈ రకంగా పోయేది ఎక్కువని నా అభిప్రాయం.

రాజాం రిటైర్డ్: సిద్ధాంతం ముచ్చటగా ఉంది. కానీ ఆ మాట వేయించింది ఛందస్సు. రెండో అక్షరం డ కావాలి, మొదటిది 'మిడుకుట'తో యతి కుదరాలి. దొరికిన మాట వేశాడు. దాని మీద ఇంత మేడ కట్టొద్దు.

వంశధార: గర్వమే చెప్పదలుచుకుంటే 'మెడబిరుసు దొరను' అనొచ్చుగా. డ ఉంది, మె-మి యతి చెల్లుతుంది.

రాజాం రిటైర్డ్: 'దొర' అన్న మాటకి ముందు ఆరు మాత్రలు (పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగు అక్షరానికి రెండు) కావాలి. మీకు అయిదే వచ్చాయి.

వంశధార: 'మెడబిరుసగు దొరను గొల్చి'. ఇప్పుడు ఆరు. కంద పద్యం నియమం అడిగినట్టే ఆరో గణం (నాలుగు మాత్రల ముక్క) జగణమే. లెక్క చూసుకోండి.

నాగావళి: చూశాను, నిలిచింది. అంటే గర్వం చెప్పడానికి తేలికైన దారి ఉన్నా కాదని మిడిమేలం దగ్గరికి వెళ్లాడు. నా పక్షానికి బలం వచ్చింది.

రాజాం రిటైర్డ్: వంశధార గారికి తట్టిన మాట, ఈ శతకం రాశాడని చెప్పే బద్దెనకీ తట్టి ఉండాలని ఏముంది? అసలీ శతకం బద్దెనదేనా అన్నదే తెగని తగువు.

కోట జంక్షన్: అందరూ చెడ్డ దొర మీదే పడ్డారు, మా ఊరి మంచి దొరని మరిచిపోయి. గురజాడ ఎం.ఆర్. కాలేజీలో పాఠాలు చెప్పారు, సంస్థానంలో శాసనాల పరిశోధన చేశారు. కన్యాశుల్కం 1892లో ఇక్కడే ఆడింది. 1897లో అచ్చయితే విజయనగరం మహారాజు ఆనంద గజపతికే అంకితం. ఆ ఏడే దొర పోయారు. తరవాత గురజాడ రీవా రాణి దగ్గర పనిచేశారు. అలాంటి కొలువు దొరికినవాడు మడి దున్నుకోవాలని ఎందుకు అనుకుంటాడు? ఇక మేలమాడే దొర కావాలంటే గిరీశం ఉండనే ఉన్నాడు. వెంకటేశానికి గురువంటే ఎంత ఇష్టం! చుట్ట కాల్చడం తప్ప ఏం నేర్చుకున్నాడు? 1909 కూర్పులో గిరీశం ఇంకా...

రాజాం రిటైర్డ్: కూర్పుల జోలికి వెళ్తే సోమవారం దాటిపోతుంది.

చంపావతి: అందరికీ దండాలు. ఒక చిక్కు. మా దగ్గర మేలమాడే వాళ్లు లేరు. ఉన్నాయన ఎప్పుడూ తప్పులు వెతుకుతాడు. వర్కర్ల ఎదుటే సూపర్‌వైజర్ని నిలదీసి, అతను చెప్పిన పని మార్చేసి వెళ్లిపోతాడు. అప్పటి నుంచి వర్కర్లు సూపర్‌వైజర్ని దాటి నేరుగా పైకే వెళ్తున్నారు. ఇప్పుడు పై ఆయనకి చిన్న చిన్న పంచాయితీలతోనే పొద్దు గడిచిపోతోంది, ఆయన మాటా పలచబడింది. దీనికి పద్యం ఉందా?

నాగావళి: లేకేం.
ఎప్పుడు దప్పులు వెదకెడు
నప్పురుషుని గొల్వగూడ దది యెట్లన్నన్
సర్పంబు పడగ నీడను
గప్ప వసించిన విధంబు గదరా సుమతీ!

వంశధార: ఇందులో ప్రాస చూశారా? మూడు పాదాల్లో ప్ప, ఒకదాంట్లో ర్ప. ప్రాకృతంలో సర్పం సప్పమే. 'సప్పంబు' అని ఉండేదేమో, తరవాత ఎవరో పండితుడు దిద్ది పాడు చేశాడేమో.

రాజాం రిటైర్డ్: 'సప్పంబు' అని నేనెక్కడా చూడలేదు. మీకు నచ్చని అక్షరం ఉన్న చోటల్లా ఒక పండితుడు పుట్టుకొస్తాడు.

బొబ్బిలి యూనియన్: ఏటండీ, ఇంత చర్చలో మొదటి మాట ఎవరూ పట్టుకోలేదు! 'అడిగిన జీతం' అంటే అడిగినప్పుడు ఇచ్చేదా, అడిగినంత ఇచ్చేదా? జూట్ మిల్లులో పనిచేసినవాడిగా చెప్తున్నాను, ఆ రెండూ వేరే వేరే గొడవలు. పెంచను అని ముఖం మీద చెప్పిన మేనేజర్ని తిట్టుకున్నాం గానీ షిఫ్టులో అతని మాట విన్నాం. ఇంకో ఆయన 'పదో తారీకుకి ఖాయం' అని మెత్తగా చెప్పి ఇరవై దాటించేవాడు. ఆయన వస్తుంటే కుర్రాళ్లు బల్ల మీద నుంచి లేవడం కూడా మానేశారు. నా మటుకు దొర తప్పంతా మొదటి పాదంలోనే ఉంది. మిడిమేలం ఏదైతే నాకేం?

నాగావళి: 'ఖాయం' అని నవ్వుతూ దాటేయడాన్నే నేను మేలం అంటున్నది!

బొబ్బిలి యూనియన్: ఆయన నవ్వేవాడు కాదు.

రాజాం రిటైర్డ్: అడిగినంత అనే ఉద్దేశమైతే 'అడిగినంత' అనే వేసేవాడు కదా.

వంశధార: ఎలా వేస్తాడు మాస్టారూ? 'అడిగినంత' నాలుగు మాత్రల దగ్గర తెగదు. మొదటి గణమే చెడుతుంది.

రాజాం రిటైర్డ్: తెగేలా రాసి రాత్రికి ఇక్కడే పెడతాను.