అప్‌డేట్: ముద్ర లేని మామిడి ఒప్పందం, మేనేజరు సంతకం

చిత్తూరు దగ్గరి గుజ్జు ఫ్యాక్టరీతో తోతాపురి సరఫరాకు మేము రాసుకున్న ఒప్పందంపై కంపెనీ ముద్ర లేదని, మేనేజరు సంతకమే ఉందని, బాకీ ఎవరిని అడగాలని ఇదివరకు అడిగాను. కంపెనీల చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత కంపెనీకి ముద్ర తప్పనిసరి కాదని, అధికారం ఉన్నవారి సంతకం చాలునని వకీలు గారు తేల్చారు. ‘కంపెనీ తరఫున’ అని రాసి ఉన్నందున, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ ప్రకారం, వేరే షరతు లేనిదే మేనేజరు సొంతంగా బాధ్యుడు కాడు.

బాకీకి ఆయన రాసిచ్చిన ప్రోనోటులో మాత్రం రెవెన్యూ స్టాంపు మీద ఉత్త పేరే ఉంది, కంపెనీ ఊసే లేదు. కంపెనీయే కడుతుందని మేము నమ్మించి సంతకం పెట్టించుకుంటే తప్ప, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 28వ సెక్షన్ కింద అది ఆయన మెడకే చుట్టుకుంటుంది (నాకు ఊరటనిచ్చింది ఇదొక్కటే). నోటీసు ఇద్దరికీ పంపాము.