ఒక్క ట్యాపెట్ టకటకకి పదహారూ మార్చాలా?

ఎర్రబల్బు (గుంటూరు)

నా కారు 2012 మోడల్, 1248 సీసీ డీజిల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పుడు మీటర్ లక్షా అరవై రెండు వేలు చూపిస్తోంది. పాత ఓనర్ ఆయిల్ మార్చే విషయంలో మహా పొదుపరి అని మొదటిసారి డ్రెయిన్ చేసినప్పుడే తెలిసింది, తారులా దిగింది. రెండు నెలల కింద ఇంజిన్ పైభాగంలో టకటకమని శబ్దం మొదలైంది. మొదట్లో పొద్దున స్టార్ట్ చేయగానే నాలుగు సెకన్లు వచ్చి ఆగిపోయేది. ఇప్పుడు వేడెక్కాక కూడా ఆగట్లేదు.

సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే హైడ్రాలిక్ ట్యాపెట్ (వాల్వ్ దగ్గర సందు రాకుండా ఆయిల్‌తో సరిచేసే చిన్న ముక్క, వాల్వుకొకటి చొప్పున పదహారుంటాయి) పోయింది, పదహారూ మార్చాలి అని ముప్పై వేల పైన ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. మా వీధి చివర మెకానిక్ మాత్రం "సౌండ్ చేసేది ఒక్కటే కదన్నా, దాన్నే మారుద్దాం" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

హైవేకాకి (హైదరాబాద్)

పదహారూ మార్చెయ్యండి బ్రో. ఈ ఇంజిన్‌లో ట్యాపెట్ దాకా వెళ్ళాలంటే రెండు క్యామ్‌షాఫ్టులూ (వాల్వుల్ని నొక్కి తెరిచే ఇరుసులు) ఉన్న హౌసింగ్ మొత్తం పైకి ఎత్తాలి. అంటే ఇంజెక్టర్లు (డీజిల్ చిమ్మేవి), హైప్రెషర్ పైపులు విప్పాలి, టైమింగ్ పిన్నులు పెట్టి లాక్ చేయాలి, తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్, ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లు కొత్తవి వేయాలి. ఇంత పని చేసి ఒకే ఒక్కటి మార్చి మూసేస్తారా? మిగతా పదిహేనూ అదే తారు తాగి, అన్నే కిలోమీటర్లు తిరిగినవి. ఆరు నెలల్లో ఇంకోటి మొదలెడితే మళ్ళీ లేబర్, మళ్ళీ వాషర్లు, మళ్ళీ టెన్షన్.

రాంగ్‌గేర్ (విజయవాడ)

ఈ "ఎలాగూ విప్పాం కదా" లెక్క ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పండి. ఎలాగూ విప్పాం కదా అని పదహారు ట్యాపెట్లు. ఎలాగూ విప్పాం కదా అని రాకర్లు (క్యామ్‌కీ వాల్వ్‌కీ మధ్య ఉండే మీటలు). ఆ తర్వాత క్యామ్‌షాఫ్టుల్ని తిప్పే చైన్ కిట్. చివరికి కారు ఖరీదులో సగం బిల్లు.

హైడ్రాలిక్ ట్యాపెట్లు జతగా పనిచేసే సరుకు కాదండీ. దేని ఆయిల్ దానిది, దేని వాల్వ్ దానిది. పక్కదాంట్లో కొత్తది పడిందని పాతదానికి పోయేదేమీ లేదు. బ్రేక్ ప్యాడ్ ఒకవైపే మారిస్తే బండి ఓ పక్కకి లాగుతుంది, ఇక్కడ అలాంటి గొడవ లేదు. చెడిపోయింది మార్చండి, బాగున్నది ఉంచండి.

ఫీలర్‌గేజ్ (విజయవాడ ఆటోనగర్)

ఒకటా పదహారా తర్వాత కొట్టుకోండి నాయనా. ముందు అది ట్యాపెట్ సౌండేనని ఎవరు తేల్చారు?

నేను మారుతి 800 రోజుల నుంచీ ఈ పనిలో ఉన్నాను. అప్పట్లో ట్యాపెట్ సౌండ్ వస్తే లాక్‌నట్ వదులు చేసి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) పెట్టి, స్క్రూ తిప్పి సందు సరిచేసేవాళ్ళం. అరపూట పని. హైడ్రాలిక్ దాంట్లో ఆ సెట్టింగ్ ఇంజిన్ ఆయిలే చేసుకుంటుంది. లోపల పైకీ కిందికీ జారే చిన్న ప్లంజర్, దాని కింద ఆయిల్ గది, గది మూతకి ఒక బాల్, ఒక స్ప్రింగ్. క్యామ్ నొక్కినప్పుడు బాల్ మూసుకుపోయి ఆయిల్ లోపలే బిగుసుకుంటుంది. ఆయిల్‌ని నొక్కి చిన్నది చేయలేం కాబట్టి ట్యాపెట్ ఇనప ముక్కలా నిలబడుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. వాల్వ్ మూసుకున్నాక ఏమాత్రం సందున్నా స్ప్రింగ్ ప్లంజర్‌ని పైకి తోస్తుంది, ఖాళీలోకి కొత్త ఆయిల్ వస్తుంది. ప్లంజర్‌కీ గోడకీ మధ్య మైక్రాన్లలో లెక్కపెట్టే సందు. అక్కడ అరిగినా, బాల్ కింద చెత్త పడినా ఆయిల్ జారిపోతుంది. అప్పుడు టక్.

కానీ టక్ అన్నదల్లా ట్యాపెట్ కాదు. ఆయిల్ తక్కువున్నా ఆయిల్‌లోకి గాలి చేరి ట్యాపెట్లు మెత్తబడతాయి. ఎక్కువ పోసినా అంతే, క్రాంక్ (పిస్టన్లు తిప్పే కింది ఇరుసు) దాన్ని చిలికి నురగ చేస్తుంది. పంపు ప్రెషర్ తగ్గినా అంతే. ఇక డీజిల్‌లో ఇంజెక్టర్ కూడా టక్కుమంటుంది. సౌండ్ వేగాన్ని బట్టి కనిపెట్టేస్తాం అంటారు కొందరు, అది కుదరదు. 800 ఆర్పీఎం ఐడిల్‌లో ఒక్కో క్యామ్ లోబ్ (క్యామ్‌షాఫ్ట్ మీద వాల్వ్‌ని నొక్కే ఉబ్బు) నిమిషానికి 400 సార్లు నొక్కుతుంది. ఇంజెక్టర్ కొట్టే పవర్ స్ట్రోకూ నిమిషానికి 400 సార్లే. చెవికి రెండూ ఒకటే.

కాబట్టి మూడు పనులు చెయ్యి తమ్ముడూ. మంచి ఆయిల్, ఫిల్టర్ వేయించి వెయ్యి కిలోమీటర్లు తిప్పు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి అక్కడ గేజ్ పెట్టించి, ఇంజిన్ వేడి మీద రీడింగ్ చూడమను. తర్వాత తెలిసిన మెకానిక్‌ని పెట్టుకుని, ఐడిల్‌లో ఒక్కో ఇంజెక్టర్ ప్లగ్గూ పీకి చూడమను. ప్లగ్ పీకగానే టకటక ఆగితే అది ఇంజెక్టర్. బండి ఒణుకుతున్నా టకటక మాత్రం పోకపోతే పైనుంచే.

హైవేకాకి

ఫీలర్‌గేజ్ గారూ, చైన్ సౌండ్ కూడా చల్లటి ఇంజిన్ మీదే వస్తుంది కదా? ఈ ఇంజిన్‌కి అదీ ఉన్న జబ్బే.

ఫీలర్‌గేజ్

ఉంది. కానీ చైన్ టకటక అనదు, గలగల అంటుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొస చైన్ కవర్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. ఫ్యాన్ బెల్ట్ దగ్గర జాగ్రత్త.

చిట్కాబాబు

మూడు వందల రూపాయల ఇంజిన్ ఫ్లష్ డబ్బా పోసి పావుగంట ఐడిల్‌లో ఉంచండి. నా బండికి అలాగే పోయింది. ఇక్కడ ముప్పై వేలకి కొట్టుకుంటున్నారు.

రాంగ్‌గేర్

మీ బండిలో తారు లేదు కాబట్టి పోయింది. ఈయన ఆయిల్ చాంబర్‌లో పదేళ్ళ మడ్డి ఉంది. అదంతా ఒక్కసారిగా కదిలి ఆయిల్ పంప్ జల్లెడకి అడ్డం పడితే ట్యాపెట్ సంగతి దేవుడెరుగు, క్రాంక్ బేరింగులు పోతాయి. టర్బోకి వెళ్ళే ఆయిల్ కూడా ఆ పంప్ పంపించేదే. మంచి ఆయిల్ పోసి రెండుసార్లు తొందరగా మార్చుకుంటే అదే నెమ్మదిగా కడుగుతుంది.

(హైవేకాకి, ఈ ఒక్క విషయంలో మనిద్దరం ఒకటే అనుకుంటా.)

హైవేకాకి

ఈ ఒక్క విషయంలోనే.

డాలస్‌బావ (టెక్సస్)

నేను పదహారు పార్టీ. ఇక్కడ నాది వీ8 పికప్. పెట్రోల్ ఆదా కోసం కొన్ని సిలిండర్లు వాటంతటవే ఆగిపోయే రకం. ఒక లిఫ్టర్ (మీ ట్యాపెట్‌లాంటిదే) పట్టేసింది. మొదట చిన్న టిక్ టిక్, లే అనుకున్నాను. విప్పేసరికి లిఫ్టర్ కింద రోలర్ అరిగి క్యామ్ లోబ్‌ని తినేసింది. హెడ్లు రెండూ దించి పదహారు లిఫ్టర్లు, కొత్త క్యామ్ వేయాల్సి వచ్చింది. మెకానిక్ ఒక్కటి మార్చనని ముందే చెప్పేశాడు.

రాంగ్‌గేర్

బావా, మీ బాధ అర్థమైంది కానీ పోలిక కుదరదు. మీది పుష్‌రాడ్ ఇంజిన్, అంటే క్యామ్ కింద ఉండి పొడుగు కడ్డీలతో వాల్వుల్ని తెరిచే రకం. మీ లిఫ్టర్ క్యామ్ మీద ఎక్కి పైకీ కిందికీ ఆడుతుంది, రోలర్ దాని కాళ్ళకే ఉంటుంది. అది పోతే ఇనప రజను ఇంజిన్ అంతా తిరుగుతుంది, కాబట్టి పదహారూ అనుమానించాల్సిందే. ఇక్కడిది ఫియట్ డిజైన్ చేసిన 1.3 మల్టీజెట్ కుటుంబం. అప్పటి డీజిల్ స్విఫ్ట్, విస్టా, పుంటోల్లో అదే వచ్చేది. ఇందులో ట్యాపెట్ హెడ్‌లో గుంట చేసుకుని కూర్చుంటుంది, క్యామ్‌ని తాకనే తాకదు. దాని నెత్తి మీద రాకర్ ఒక కొస ఆనుతుంది, రెండో కొస వాల్వ్ మీద, మధ్యలో ఉన్న రోలర్ మీద క్యామ్ తిరుగుతుంది.

డాలస్‌బావ

ఒప్పుకుంటాను. అయితే మీ దాంట్లో టకటక ఉన్నా నడిపేయొచ్చా?

ఫీలర్‌గేజ్

వారం పది రోజులు నడిపితే ఏమీ కాదు. నెలల తరబడి అయితే నేనొప్పుకోను. సందు పెరిగితే ఆ రాకర్ పక్కకి జారి పడిపోవచ్చు. దానికి తోడు, సందు ఉన్న వాల్వ్ మెల్లగా దిగదు, సీటు మీద సుత్తి దెబ్బలా పడుతుంది.

ఎర్రబల్బు

పెద్దాయన చెప్పినట్టే చేశాను. ఆయిల్ రెండుసార్లు మార్చాను, రెండోది కాస్త తేనె రంగులో దిగింది. పొద్దుటి సౌండ్ బాగా తగ్గింది. వేడి మీద టకటక మాత్రం ఉంది. గేజ్ ప్రెషర్ బాగుందని చెప్పింది. ఇంజెక్టర్ ప్లగ్గులు నాలుగూ ఒక్కొక్కటిగా పీకి చూశాం, శబ్దం మారలేదు. ఆదివారం విప్పుతున్నాం. ఒకటా పదహారా ఇంకా తేలలేదు.

ఫీలర్‌గేజ్

వేడి మీద ఉందంటే ప్లంజర్ అరుగుదలే అయ్యుండాలి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి సందు కప్పుతుంది, పలచబడ్డాక జారిపోతుంది.

విప్పేటప్పుడు ఒక అట్టముక్కకి పదహారు బొక్కలు పొడిచి నంబర్లు వెయ్యండి. ఏ రాకర్ ఏ ట్యాపెట్ మీదదో మారకూడదు, వాడి వాడి ఒకదానికొకటి అలవాటుపడి ఉంటాయి. ట్యాపెట్లు నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే ఆయిల్ కారుతుంది. తర్వాత ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కండి. బాగున్నది రాయిలా ఉంటుంది. పోయినది స్పాంజిలా దిగుతుంది.

హైవేకాకి

నా అభ్యంతరమంతా ఈ బొటనవేలు పరీక్ష మీదే సర్. ఇంజిన్ ఆగినప్పుడు ఏవో కొన్ని వాల్వులు తెరుచుకునే ఉంటాయి. వాటి స్ప్రింగులు రాత్రంతా ఆ ట్యాపెట్లని నొక్కి ఆయిల్ పిండేస్తాయి. బాగున్నవి కూడా మెత్తగా దొరుకుతాయి. అసలు పొద్దున నాలుగు సెకన్ల టకటక అందుకే కదా? అంటే వేలు చెప్పింది నమ్మి ఏది పోయిందో తేల్చలేం. తేల్చలేనప్పుడు అన్నీ మార్చడమే న్యాయం.

ఫీలర్‌గేజ్

మంచి మాట అన్నావు. సగం ఒప్పుకుంటున్నాను. మిగతా సగానికి మందుంది. మెత్తగా దొరికినదాన్ని శుభ్రమైన ఆయిల్ గిన్నెలో ముంచాలి. పైన గుండ్రటి కొసలో సన్నటి రంధ్రం ఉంటుంది, అందులోంచి సన్నటి తీగతో బాల్‌ని కాస్త నొక్కిపట్టి, ప్లంజర్‌ని పైకీ కిందికీ ఆడించాలి. బుడగలు ఆగేదాకా. తీగ తీసి మళ్ళీ వేలితో నొక్కు. ఇప్పుడు రాయిలా నిలబడితే దాని తప్పేం లేదు. ఇప్పటికీ దిగుతుంటే పోయినట్టే.

చిట్కాబాబు

అయితే పోయినవి కూడా డీజిల్‌లో నానబెట్టి కడిగి వేసేయొచ్చుగా?

ఫీలర్‌గేజ్

జిగురు పట్టి ఆగినదైతే కడిగితే లేస్తుంది, నేను లేపాను. అరిగిందైతే గంగలో ముంచినా లేవదు. పైగా విడదీసి కడిగేటప్పుడు దీని ప్లంజర్ దాంట్లో పెడితే రెండూ చెడతాయి, ఫ్యాక్టరీలో ఒక్కో జతనీ కొలిచి కలుపుతారు.

ఎర్రబల్బు

ఆదివారం కథ ఇది. తీసిన పదహారులో ఐదు మెత్తగా దొరికాయి. మా మెకానిక్ మొహం వాడిపోయింది. హైవేకాకి గారు చెప్పింది గుర్తొచ్చి నంబర్లు చూస్తే, వాటిలో రెండు టైమింగ్ లాక్ చేసినప్పుడు క్యామ్ నొక్కి ఉంచిన వాల్వులవి. ఆయిల్ గిన్నెలో ఆడించాక ఆ రెండూ రాయి అయ్యాయి. మూడు మాత్రం ఎన్నిసార్లు నింపినా దిగిపోతూనే ఉన్నాయి. మూడూ ఎగ్జాస్ట్ వైపువే, వాటిలో రెండేమో మూడో నంబర్ సిలిండర్‌వి. అందులో ఒకదాని రాకర్ రోలర్ మీద గుంటలు పడ్డాయి. ఒక్క ట్యాపెటే మార్చి ఉంటే ఏమయ్యేదో!

షాపుకెళ్తే వాళ్ళ దగ్గర ఆరే ఉన్నాయి. ఆరూ కొన్నాను. మూడు చెడ్డవాటికి, మూడు మా మెకానిక్‌కి అనుమానం ఉన్నవాటికి. ఒక రాకర్ కూడా. పెద్దాయన ఫోన్‌లో చెప్పినట్టు, బిగించాక ఇంజిన్‌ని స్పానర్‌తో రెండు చుట్లు చేత్తో తిప్పాం, ఎక్కడా అడ్డం తగల్లేదు. అరగంట ఆగి స్టార్ట్ చేశాం. మొదట నిమిషం పాటు గోల చేసి ప్రాణం తీసింది. తర్వాత నిశ్శబ్దం.

డాలస్‌బావ

అరగంట ఎందుకు?

ఫీలర్‌గేజ్

నిండుగా ఉన్న కొత్త ట్యాపెట్ వేయగానే కాస్త పొడుగ్గా నిలబడి వాల్వ్‌ని తెరిచి ఉంచుతుంది. వెంటనే స్టార్ట్ చేస్తే వాల్వ్ పిస్టన్‌కి తగలొచ్చు. మిగులు ఆయిల్ దిగడానికి టైమివ్వాలి. ఫోక్స్‌వాగన్ రిపేర్ మాన్యువల్స్‌లో ఈ అరగంట మాట రాసే ఉంటుంది.

రాంగ్‌గేర్

చూశారా, చెడ్డవే మార్చాడు. నేను చెప్పింది అదే.

హైవేకాకి

మూడే చెడ్డవి, ఆరు మార్చాడు. షాపులో పదహారుంటే పదహారూ మార్చేవాడు. నేను చెప్పింది అదే.

ఎర్రబల్బు

నిజం చెప్పాలంటే షాపులో పదహారుంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు.

ఫీలర్‌గేజ్

ఆ పాత మూడూ పారెయ్యకు. విజయవాడ వచ్చినప్పుడు పట్టుకురా, వైస్‌లో బిగించి కోసి చూద్దాం.