బరంపురంలో 300 మీటర్ల దగ్గర తెగిపోతున్న సైకిల్ దారిని కలిపేదెలా?

ఒడిశాలోని బరంపురంలో మా పిల్లలు బడికి వెళ్లే దారిలో రెండు కాలనీల లోపలి వీధులు సైకిలుకు అనువుగానే ఉన్నా, వాటిని కలిపే 300 మీటర్ల ప్రధాన రోడ్డు మీద ఉదయం 8:30 నుంచి 9:30 వరకు ఆటోలు, బస్సుల మధ్య తొక్కడం ప్రమాదకరంగా ఉంది. టేపుతో కొలిస్తే రోడ్డు వెడల్పు 7 మీటర్లు, అందులో 1.8 మీటర్లు నిలిపి ఉంచిన బండ్లదే. మురుగుకాలువ మీది ఇనుప జాలీ కమ్మీలు ప్రయాణ దిశలోనే ఉండటంతో సన్నటి చక్రం వాటిలో దిగబడుతోంది. వాటిని అడ్డంగా తిప్పిస్తే ఆ ఒక్క బాధ తీరుతుంది. ముగ్గుపిండితో పక్కన గీత గీసి చూశాం, రెండో రోజుకే బండ్లు దాని మీదకు వచ్చేశాయి. రోడ్ల ప్రమాణాలు రూపొందించే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన 2015 నాటి సైకిల్ ట్రాకుల ప్రమాణాలను జతచేసి వినతిపత్రం ఇస్తే, వెడల్పు చాలదన్న జవాబే వచ్చింది. రోడ్డును వెడల్పు చేయకుండా ఇలాంటి చిన్న ముక్కను మీ ఊళ్లో ఏ పద్ధతిలో కలిపారు?