హైవ్‌లో విట్‌నెస్ ఓట్లు 30 నుంచి తగ్గిస్తే ఎవరికి లాభం, ఎవరికి దెబ్బ?

గోదారి_గట్టు అడిగింది:

హైవ్ అనే బ్లాక్‌చెయిన్‌లో ఒక్కో ఖాతా 30 మంది విట్‌నెస్‌ల (బ్లాకులు తయారుచేసి చైన్‌ను నడిపేవాళ్లు) దాకా ఓటు వేయొచ్చు. ఓట్ల సంఖ్య పెరిగితే బలం చీలదు. 1000 హైవ్ పవర్ (చైన్‌లో కట్టేసి ఉంచిన హైవ్ నాణేలు, అదే ఓటు బలం) ఉన్న ఖాతా 30 మందికి వేస్తే 30 మందికీ వెయ్యేసి చొప్పున పడుతుంది. నడిపేది మాత్రం పై 20 మంది, 21వ స్థానం బ్యాకప్‌లలో ఒకరికి వంతులవారీగా వస్తుంది. అంటే సీట్లకంటే ఓట్లే ఎక్కువ. ఓటు వేసే వాటాలో సగం మించి ఒక చేతిలో ఉంటే 20కి 20 వాళ్లవే.

దీన్ని మార్చాలని మూడు వాదనలు వినిపిస్తుంటాయి: ఓట్లు 5కో 10కో తగ్గించడం, ఓటు బలాన్ని వేసినవాళ్ల మధ్య పంచడం, మనిషికి ఒక ఓటు పెట్టడం. "ప్రజాస్వామ్యం" గురించి ఉపన్యాసాలు వద్దు, లెక్క కావాలి. ఏది పెడితే ఏం ఆగుతుంది, ఏం చెడుతుంది? అమలు చేసేటప్పుడు ఎక్కడ చిక్కు?

---

నోడ్_మేస్త్రి:

ముందు 2020 సంగతి సరిగ్గా గుర్తుంచుకోవాలి. చాలామంది దాన్ని "ఎవడో డబ్బున్నవాడు కొనేశాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, అక్కడే అసలు విషయం జారిపోతుంది.

ఫిబ్రవరిలో ట్రాన్ బ్లాక్‌చెయిన్ వ్యవస్థాపకుడు జస్టిన్ సన్, హైవ్‌కు మూలమైన స్టీమ్ చైన్ వెనకున్న స్టీమిట్ కంపెనీని కొన్నాడు. దాంతోపాటు ఆ కంపెనీ మొదటి రోజుల్లోనే మైన్ చేసుకున్న పెద్ద వాటా కూడా ఆయన చేతికి వెళ్లింది. దాన్ని విట్‌నెస్ ఓట్లకు వాడబోమని కంపెనీ అంతకుముందు నుంచీ చెబుతూ వచ్చింది. కొత్త యజమాని ఆ మాట మీద నిలబడతాడో లేదోనని విట్‌నెస్‌లు 0.22.2 సాఫ్ట్‌ఫోర్క్‌తో (విట్‌నెస్‌లు తమ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకునే నియమ మార్పు) ఆ వాటాను స్తంభింపజేశారు. మార్చి 2న బైనాన్స్, హువోబీ, పోలోనియెక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లు తమ దగ్గర కస్టమర్లు దాచుకున్న స్టీమ్‌ను పవర్ అప్ చేసి (ఓటు బలంగా కట్టేసి) ఓట్లు గుద్దాయి. పై 20 మందీ ఒక్కసారిగా మారిపోయారు. ఎక్స్ఛేంజ్‌లు తర్వాత ఓట్లు వెనక్కి తీసుకున్నాయి గానీ పవర్ డౌన్‌కు (కట్టేసినదాన్ని మళ్లీ బయటికి తీయడానికి) 13 వారాలు పడుతుంది కాబట్టి ఆ కస్టమర్ల సొమ్ము లోపలే ఇరుక్కుంది. చివరికి మార్చి 20న సంఘం హైవ్‌గా విడిపోయింది. స్టీమిట్ వాటాను కొత్త చైన్‌లో ఆ ఖాతాలకు ఇవ్వకుండా అభివృద్ధి నిధిలోకి మళ్లించారు.

ఇక్కడ కలిసి పనిచేసిన లోపాలు మూడు. ఒకటి, పవర్ అప్ చేసిన క్షణంలోనే ఓటు బలం రావడం. రెండు, 30 ఓట్లూ పూర్తి బలంతో పడటం. మూడు, ఎప్పుడో వేసి మరిచిపోయిన పాత ఓట్లు నిజమైన బలం ఎంతో కనపడనీయకపోవడం. హైవ్ మొదటిదానికీ మూడోదానికీ మందు వేసింది. కొత్తగా పవర్ అప్ చేసిన వాటాకు 30 రోజుల దాకా విట్‌నెస్, ప్రపోజల్ (అభివృద్ధి నిధి నుంచి డబ్బు అడిగే ప్రతిపాదన) ఓట్లలో బలం ఉండదు. 2021 జూన్ హార్డ్‌ఫోర్క్ (చైన్ నియమాలనే మార్చే అప్‌గ్రేడ్) నుంచి, ఏడాదిపాటు ఆ ఓట్ల జోలికి వెళ్లని ఖాతా ఓట్లన్నీ రాలిపోతాయి. రెండోది మాత్రం అలాగే ఉంది. మీ ప్రశ్న దాని గురించే.

---

లెక్కల_లంక:

లెక్క చెప్తాను. హార్డ్‌ఫోర్క్ నెగ్గాలంటే 21 మందిలో 17 మంది ఒప్పుకోవాలి. కాబట్టి ఎవరైనా ఆపాలంటే 5 సీట్లు కావాలి. 20 ఎన్నికైన సీట్లలో 5 మనవైతే ఎదుటివాళ్లకు గరిష్ఠంగా 15, బ్యాకప్ వంతు వాళ్లకే వచ్చినా 16. ఆగిపోతుంది.

దాడి చేసేవాళ్ల వాటా "దా", సంఘం వాటా "సం" అనుకుందాం. సంఘం 5 సీట్లు కూడా దక్కించుకోకుండా చేయాలంటే దాడి పక్షం 16 మందిని సంఘం ఐదో అభ్యర్థికి పైన నిలబెట్టాలి.

ఇప్పటి 30 ఓట్ల పద్ధతిలో దా, సం కంటే ఎక్కువైతే చాలు. 60–40 ఉంటే 60 వాళ్లకు అన్ని సీట్లూ వస్తాయి.

10 ఓట్లు చేస్తే, దాడి పక్షం తన వాటాను ఖాతాలుగా విడగొట్టి 16 మందికి సమానంగా సర్దితే ఒక్కొక్కరికి 10×60/16 = 37.5 వస్తుంది. సంఘం 40. సంఘం ఆపగలదు. 65–35 అయితే 40.6కి ఎదురు 35, ఆపలేదు. గీత ఎక్కడంటే దా = 1.6 సం దగ్గర.

5 ఓట్లు చేస్తే 5×60/16 = 18.75. సంఘం సునాయాసంగా నిలుస్తుంది. గీత దా = 3.2 సం.

బలాన్ని పంచే పద్ధతిలో దాడి పక్షం ఒక్కొక్కరికి దా/16, సంఘం తన ఐదుగురికి సం/5. గీత మళ్లీ 3.2 దగ్గరే వస్తుంది. అంటే ఈ కోణంలో "5 ఓట్లు", "పంచడం" రెండూ ఒకటే. వాటి మీద గంటలు గంటలు కొట్టుకోవడం ఎందుకో నాకర్థం కాదు.

ఇప్పుడు ఎవరూ గట్టిగా చెప్పని రెండో వైపు. ఇదే లెక్క తిరగేస్తే, 5 ఓట్ల పద్ధతిలో ఓటు వేసే వాటాలో సుమారు 24% ఉన్న గుంపు ఎవరిదైనా సరే, ప్రతి అప్‌గ్రేడ్‌నూ ఆపగలదు. 24కి ఎదురు 76 ఉన్నా 5×76/16 = 23.75 మాత్రమే. 10 ఓట్లయితే ఆ గుంపుకి దాదాపు 38.5% కావాలి. దాడి చేసేవాడికి ఎత్తిన గోడ రేపు బగ్ సరిచేసే ఫోర్క్‌కీ అడ్డం వస్తుంది. నన్నడిగితే 10 దగ్గర ఆగడం మంచిది, 5 దాకా దిగకూడదు.

ఇంకో మాట. 17 ఒక్కటే చూడకండి. హెచ్‌బీడీ (డాలరు విలువకు కట్టిన హైవ్ నాణెం) వడ్డీ, ఖాతా తెరిచే రుసుము, హైవ్ ధర ఫీడ్ లాంటివి విట్‌నెస్‌లు చెప్పిన అంకెల్లో మధ్య అంకెను బట్టి నడుస్తాయి. 21లో 11 మంది చేతిలో ఉంటే వడ్డీ వాళ్ల చేతిలో ఉన్నట్టే. పై లెక్క హార్డ్‌ఫోర్క్‌ను కాపాడుతుంది తప్ప వడ్డీని కాదు.

---

పల్నాటి_పిల్లి:

లంక గారి లెక్కలో ఒక ఊహ దాక్కుంది: సంఘం తన ఓట్లన్నీ అదే ఐదుగురి మీద పోగుచేస్తుందని. నిజంలో అలా జరగదు. దాడి చేసేది ఒక్క చేయి, ఖాతాకు 3 హైవ్ రుసుముతో కావలసినన్ని ఖాతాలు తెరిచి వాటాను తూకం వేసినట్టు సర్దుకుంటుంది. సంఘం అంటే వేలమంది, ఎవరి ఇష్టం వాళ్లది. 40 వాటా నలభై మంది విట్‌నెస్‌ల మీద చెల్లాచెదురైతే మీ 1.6, 3.2 గీతలన్నీ గాలికి పోతాయి. 30 ఓట్లు ఉన్నప్పుడు కనీసం తెలిసినవాళ్లందరికీ వేస్తారు, జాబితాలు కలుస్తాయి. ఓట్లు తగ్గించేకొద్దీ ముందుగా మాట్లాడుకోవడం తప్పనిసరి అవుతుంది. అది ప్రాక్సీలతోనే (ఓటు హక్కు ఇంకొకరికి అప్పగించడం) కుదురుతుంది, దాంతో బలం మళ్లీ నలుగురి చేతుల్లోకే.

బ్యాకప్‌ల మాటేమిటి? ఇరవై తర్వాత ఉన్నవాళ్లు బతుకుతున్నది ఆ మిగులు ఓట్ల మీదే. వాళ్ల బ్లాకులు ఓట్లను బట్టి వంతుగా వస్తాయి, అంతంతమాత్రం ఆదాయం. 5 ఓట్లు చేస్తే జనం పై ఐదుగురికి వేసి ఊరుకుంటారు. సర్వర్ ఖర్చు రాని బ్యాకప్‌లు మూసేస్తే, పైవాళ్లలో ముగ్గురి నోడ్‌లు ఒకేసారి పడిపోయిన రోజున దించడానికి మనుషులుండరు.

---

నోడ్_మేస్త్రి:

పిల్లి గారి అభ్యంతరం సరైనదే, అందుకే నేనూ 5కి ఒప్పుకోను. అసలు చిక్కు మాత్రం అమలులో ఉంది. 30 అన్నది కోడ్‌లో ఒక్క స్థిరాంకం, మార్చడం రెండు నిమిషాల పని. ఇప్పటికే 30 ఓట్లు వేసి ఉన్న ఖాతాలను ఏం చేస్తారు?

అన్నీ తుడిచేస్తే, ఫోర్క్ అయిన గంటలో లేచి ఓటు వేసినవాడిదే రాజ్యం. మామూలు రోజున దమ్మిడీకి పనికిరాని వాటా ఆ గంటలో ఇరవై సీట్లు ఎగరేసుకుపోవచ్చు. తుడవకుండా వదిలేస్తే, పాత ఖాతాలకు 30, కొత్త ఖాతాలకు 10, శాశ్వతంగా రెండు తరగతులు. ఏడాదికి ఓట్లు రాలిపోయే నియమం ఉంది కదా అనుకోవద్దు. ఏదో ఒక ప్రపోజల్‌కు ఓటు వేసినా గడువు మళ్లీ మొదటికొస్తుంది, పాత 30 అలాగే నిలుస్తాయి.

పనికొచ్చే దారి: ఫోర్క్ రోజు నుంచి కొత్త ఓటు వేయాలంటే మొత్తం 10కి లోపు ఉండాలని పెట్టి, పాతవాటికి మూడు నెలల గడువివ్వడం. గడువు దాటాక 10కి మించి ఉన్న ఖాతాల బలాన్ని ఓట్ల సంఖ్యతో భాగించి పదింతలు లెక్కేయడం. 30 వేసి ఉంచినవాడి ప్రతి ఓటూ మూడో వంతుకు పడుతుంది. ఎవరి ఓట్లూ ఒక్క రాత్రిలో మాయం కావు. టెస్ట్‌నెట్ (ప్రయోగాల కోసం నడిపే చైన్) మీద నిజమైన ఖాతాల నకలుతో నడిపి, పై ఇరవై ఎలా మారుతుందో ముందే చూడాలి.

మనిషికి ఒక ఓటు గురించి: ఖాతా ఖరీదు 3 హైవ్ ఉన్నచోట అది కుదరదు. గుర్తింపు పత్రాలు అడగాలి, అప్పుడు మారుపేర్లతో రాసేవాళ్లంతా బయటికే. స్వచ్ఛంద సభ్యులు నడిపే లినక్స్ ప్రాజెక్టు డెబియన్‌లో అది నడుస్తుందంటే కారణం, సభ్యత్వం ఇచ్చేముందే మనిషిని పరిశీలిస్తారు. అక్కడ నాయకుడి ఎన్నికకు అభ్యర్థులను వరుస క్రమంలో పెట్టి షుల్జ్ పద్ధతిలో (అభ్యర్థులను ఇద్దరిద్దరిగా పోల్చి) లెక్కిస్తారు, "పైవారెవరూ కాదు" అన్నది కూడా ఒక అభ్యర్థిలాగే పోటీ పడుతుంది. గడప దగ్గర కాపలా లేని చోట ఆ పద్ధతి తెచ్చి పెడితే ఖాతాల తయారీ పరిశ్రమ మొదలవుతుంది, అంతే.

---

గోదారి_గట్టు:

బాగుంది, ముఖ్యంగా పాత ఓట్ల సంగతి నాకు తట్టలేదు. నియమాలు మారేదాకా మామూలు ఓటరు చేయగలిగిందేమిటి? ఈ మార్పు కావాలని జనం అనుకుంటున్నారో లేదో తేలేదెలా?

---

లెక్కల_లంక:

ముందు మీ ఓట్లు చూసుకోండి. పీక్‌డీ అనే హైవ్ వెబ్‌సైట్‌లో గానీ వాలెట్‌లో గానీ విట్‌నెస్ పేజీ తెరిస్తే మీరు వేసినవి గుర్తు పెట్టి కనిపిస్తాయి. ఇవి చూడాలి:

సైనింగ్ కీ (విట్‌నెస్ బ్లాకుల మీద సంతకానికి వాడేది) 1111 అంటూ వరుస ఒకట్లతో కనపడితే ఆ విట్‌నెస్ ఆపేసుకున్నట్టు. ఓటు వృథా, తీసేయండి.
ధర ఫీడ్ చివరిసారి ఎప్పుడు మార్చారు? రోజులు దాటితే పట్టించుకోవట్లేదనే.
మిస్సయిన బ్లాకుల మొత్తం అంకె చూసి భయపడొద్దు, ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు అది ఎక్కువే ఉంటుంది. ఈ నెలలో ఎంత పెరిగిందో చూడండి.
వెర్షన్ వెనకబడిందా?

ఓటు వేయడానికి యాక్టివ్ కీ (డబ్బు పనులకు వాడేది) కావాలి, పోస్టింగ్ కీతో (పోస్టులకు వాడేది) పడదు. ప్రాక్సీ పెట్టేముందు ఒకటి తెలుసుకోండి: పెట్టిన వెంటనే మీ సొంత విట్‌నెస్ ఓట్లు చెరిగిపోతాయి, ప్రాక్సీ తీసేసినా తిరిగి రావు. ప్రాక్సీకి ప్రాక్సీ, దానికి మళ్లీ ప్రాక్సీ, ఇలా నాలుగు మెట్ల దాకా బలం పైకి వెళ్తుంది, కాబట్టి మీరు ఎంచుకున్నాయన తన ఓటు ఎవరికి అప్పగించాడో కూడా చూడండి.

జనాభిప్రాయానికి ప్రపోజల్ వ్యవస్థనే వాడుకోవచ్చు. నామమాత్రపు చెల్లింపు అడుగుతూ "ఓట్లు 10కి" అని ఒకటి, "30 ఉంచాలి" అని ఒకటి పెట్టాలి. రుసుము ఒక్కోదానికి 10 హెచ్‌బీడీ, 60 రోజులు దాటితే రోజుకి ఇంకో హెచ్‌బీడీ. ఫలితం వాటా లెక్కలోనే వస్తుంది కాబట్టి నాలుగు పెద్ద ఖాతాలు తిప్పేయగలవు. అందుకని మొత్తంతో పాటు పై పది ఖాతాలు తీసేసి కూడా లెక్క ప్రచురించాలి.

---

పల్నాటి_పిల్లి:

ఆ రెండో లెక్క పెట్టేటప్పుడు ఒకే మనిషివని తెలిసిన ఖాతాలను కలిపి ఒకటిగా తీయండి, లేకపోతే పదకొండో స్థానంలో మళ్లీ వాళ్లే తేలతారు. ఇంకోటి, ఈ మార్పును నెగ్గించాల్సింది ఇప్పటి పద్ధతిలో గెలిచిన ఆ ఇరవై మందే. అందుకే మీరు ఓటు వేసే ప్రతి విట్‌నెస్‌ను వాళ్ల పోస్టు కిందే బహిరంగంగా అడగండి: 10 ఓట్లకు ఒప్పుకుంటారా, పాత ఓట్లకు మూడు నెలల గడువుకు ఒప్పుకుంటారా? జవాబు చైన్ మీద పడిపోతుంది, తర్వాత ఎడిట్ చేసినా పాత మాట చరిత్రలో దొరుకుతుంది.