పశువు కంటి ఒత్తిడి: ట్రెవిస్‌లో బిగించి తీసిన అంకెను నమ్మవచ్చా?

పశువైద్య విద్యార్థిని
జెర్సీ సంకర ఆవు. ఎడమ కంట నీరు కారుతోంది, కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) మీద తెల్లపొర. ట్రెవిస్‌లో (పశువును కదలకుండా నిలబెట్టే చట్రం) పెట్టి, మెడకు తాడు బిగించి, తల పక్కకు తిప్పి కంటి ఒత్తిడి కొలిచే టోనోవెట్ పరికరంతో చూస్తే 38 మిల్లీమీటర్ల పాదరసం చూపింది. మనుషుల్లో 21 దాటితేనే ఎక్కువంటారు కదా. కేసు షీటులో గ్లకోమా (కంటి ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) అని రాయవచ్చా?

పల్లె పశువైద్యుడు
మనుషుల లెక్క పక్కన పెట్టండమ్మా. ఆరోగ్యంగా ఉన్న ఆవులోనే 20 పైన ఉండడం మామూలు, 30 దాటినవీ ఉంటాయి. అసలు పల్లె ఆసుపత్రికి ఈ పరికరం దేనికి? పశువుల్లో గ్లకోమా అరుదు. మా దగ్గరికి వచ్చేవి మొరాక్సెల్లా బోవిస్ అనే బ్యాక్టీరియా తెచ్చే కండ్లకలక, కంటి పురుగులు, గడ్డిపరక గుచ్చుకున్న పుండ్లు. వాటికి టార్చిలైటు, పుండును రంగుతో చూపే ఫ్లోరసీన్ కాగితం చాలు.

కంటి విభాగం వైద్యుడు
గ్లకోమా అరుదే, ఒప్పుకుంటాను. కంటి లోపలి వాపు, అంటే యువియైటిస్, అరుదు కాదు. అందులో ఒత్తిడి సాధారణంగా పడిపోతుంది. పైకి గ్లకోమా కన్నూ, యువియైటిస్ కన్నూ ఒకేలా ఎర్రగా, మసకగా కనిపిస్తాయి. వాపుకు మేలు చేసే అట్రోపిన్ మందు గ్లకోమా కంటిలో ఒత్తిడిని ఇంకా పెంచవచ్చు. టార్చిలైటుతో ఈ తేడా ఎలా తేలుస్తారు? వేలితో నొక్కి చూస్తామనకండి, కొద్దిపాటి తేడా వేలికి అందదు.

ఇక ఆ 38. మెడ తాడు జుగులార్ సిరను నొక్కితే కంటి నుంచి రక్తం వెనక్కి సరిగా పోదు, ఒత్తిడి పెరుగుతుంది. బెదిరిన ఆవు రెప్ప బిగించినా పెరుగుతుంది. రెప్ప తెరిచే వేళ్లు ఎముక అంచున కాక కనుగుడ్డు మీద ఆనినా అంతే. గుర్రాల్లో తల గుండె కంటే కిందికి దించితే సగటున 8 మిల్లీమీటర్లు పెరిగినట్టు కొలిచారు. మత్తుమందు జైలజీన్ ఇస్తే పశువు తల వేలాడేస్తుందని మరవవద్దు. ఎలా పట్టుకున్నారో రాయని అంకెను నేను లెక్కలోకి తీసుకోను. తాడు వదులు చేసి, రెప్ప బిగించకుండా దాని నరానికి లిగ్నోకైన్ మత్తుసూది ఇచ్చి, తల నిలువుగా ఉంచి మళ్లీ చూడండి. రెండో కన్నూ చూడండి.

పాడి రైతు
అయ్యా, ట్రెవిస్‌లో బిగించిన పూట మా ఆవు పాలు చేపదు. కొట్టంలోనే, నేను గంగడోలు దువ్వుతూ ఉండగా కొలవలేరా?

కంటి విభాగం వైద్యుడు
కొలవవచ్చు, అదే మేలు కూడా. టోనోవెట్‌కు మత్తు చుక్కలు కూడా అక్కర్లేదు. టోనోపెన్ అనే మరో పరికరానికైతే కావాలి.

పల్లె పశువైద్యుడు
రెండో కంటి పోలిక అంటున్నారు. మొదటి కంటి దగ్గరే బెదిరిన ఆవు రెండో కంటికి ఇంకా గింజుకుంటుంది. అప్పుడు ఆ తేడా రోగానిదా, భయానిదా?

కంటి విభాగం వైద్యుడు
అందుకే చివర్లో మొదటి కన్ను మళ్లీ కొలవాలి. రెండుసార్లూ దగ్గరగా వస్తేనే పోలిక నిలుస్తుంది.

పల్లె పశువైద్యుడు
నా గుమ్మం ముందు వరుసకట్టిన పశువులను చూస్తే మీరు ఈ మాట అనరు. పరికరం జిల్లా ఆసుపత్రిలో ఉండనివ్వండి, అవసరమైనవి అక్కడికి పంపుతాను.

పాడి రైతు
ట్రాలీ ఆటోలో కట్టి జిల్లా దాకా కుదుపుల మీద తీసుకెళ్లాక ఆ కంట్లో ఒత్తిడి ఎంత చూపుతుంది డాక్టరు గారూ?