డేటా మోడ్ నుంచి బయటికి రావడానికి మూడు ప్లస్సులు చాలునా, డీటీఆర్ తీగ తప్పనిసరా?

గోదారిగట్టు:
మా పంపుహౌస్‌లలో నీటిమట్టాన్ని నమోదు చేసే పెట్టెలు ఉన్నాయి. వాటి బోర్డు మీదే సెకనుకు 2400 బిట్ల డయల్‌అప్ మోడెమ్ (ఫోన్ లైను మీద డేటా పంపే పరికరం) అమర్చి ఉంది, పెట్టెను నడిపే చిప్పు (కంట్రోలర్) 8051 వర్గానికి చెందినది. రాత్రి పన్నెండు దాటాక పెట్టె ఏటీడీటీ అనే డయల్ ఆజ్ఞతో కేంద్రానికి ఫోన్ చేసి, కనెక్ట్ అన్న జవాబు రాగానే ఆ రోజు లెక్కలన్నీ పంపుతుంది. పంపడం పూర్తయ్యాక మోడెమ్‌ను, వచ్చినదంతా అవతలికి పంపే డేటా మోడ్ నుంచి ఆజ్ఞలు వినే కమాండ్ మోడ్‌కు రప్పించి ఫోన్ పెట్టేయించాలి. దీనికి +++ పంపడం చాలునా, డీటీఆర్ తీగ (పెట్టె సిద్ధంగా ఉందని మోడెమ్‌కు తెలిపే సంకేతపు తీగ) కూడా వేయించాలా? కొత్త బోర్డు గీయించబోతున్నాము కనుక అడుగుతున్నాను.

పాతబోర్డు:
చాలును. 1981లో హేస్ స్మార్ట్‌మోడెమ్ వచ్చిన నాటి నుంచి ఏటీ ఆజ్ఞలు (మోడెమ్‌కు ఇచ్చే, ఏటీతో మొదలయ్యే ఆజ్ఞలు) ఇలాగే నడుస్తున్నాయి. ఒక సెకను మౌనం, మూడు ప్లస్సులు, మళ్లీ ఒక సెకను మౌనం. మోడెమ్ ఓకే అంటుంది, అప్పుడు ఏటీహెచ్ పంపితే ఫోన్ పెట్టేస్తుంది. మౌనం ఎంతసేపన్నది ఎస్12 రిజిస్టరులో (మోడెమ్ తన అమరికలు ఉంచుకునే చోట్లలో ఒకటి) ఉంటుంది. సెకనులో యాభయ్యో వంతుల లెక్క కనుక 50 అంటే సరిగ్గా ఒక సెకను. 8051 సీరియల్ పోర్టుకు టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది) తప్ప వేరే తీగలు లేవు. డీటీఆర్ కావాలంటే మామూలు పోర్టులో ఒక పిన్ను వదులుకోవాలి, మోడెమ్ వైపు గ్రౌండ్ వేరుగా ఉంచితే దానికి మరో ఆప్టోకప్లర్ (కాంతి ద్వారా సంకేతాన్ని దాటించే భాగం) కూడా పెట్టాలి.

ఎనిమిది_బిట్లు:
ఈ మాటతో నేను ఏకీభవించలేను, అనుభవించి చెబుతున్నాను. మేము చేసిన ఒక పెట్టెలో కేంద్రం వైపు ప్రోగ్రాము ఆగిపోయింది, కాని అక్కడి మోడెమ్ పనిచేస్తూనే ఉంది కనుక క్యారియర్ (లైను మీది మోడెమ్ సంకేతం) పోలేదు, నో క్యారియర్ అన్న జవాబూ రాలేదు. మా పెట్టె +++ పంపింది. అయితే అదే కోడులో మరొక పని ప్రతి 800 మిల్లీసెకన్లకు ఒక స్థితి సందేశం పంపుతుండటంతో సెకను మౌనం ఒక్కసారి కూడా కుదరలేదు, మోడెమ్ ఆ ప్లస్సులను కూడా డేటాగానే అవతలికి చేరవేసింది. లైను తెల్లవార్లూ తెరిచే ఉంది. నాలుగు గంటలు బస్సులో వెళ్లి, తాళం తీయించి, స్విచ్చి ఆపి మళ్లీ వేసి వచ్చాను. డీటీఆర్ దిగగానే ఫోన్ పెట్టేయమనే ఏటీ&డీ2 పెట్టి డీటీఆర్‌ను ఒక్క క్షణం దించగలిగి ఉంటే ఆ ప్రయాణమే ఉండేది కాదు.

కృష్ణాతీరం:
కొన్ని మోడెమ్‌లలో ఎస్30 ఉంటుంది. నిర్ణీత సమయం డేటా కదలకపోతే అదే ఫోన్ పెట్టేస్తుంది.

ఎనిమిది_బిట్లు:
కృష్ణాతీరం గారూ, డేటా కదలకపోతేనే కదా. మా పెట్టె 800 మిల్లీసెకన్లకొకసారి పంపుతూనే ఉంది కనుక ఆ గడియారం ప్రతిసారీ మళ్లీ మొదటికి వచ్చేది.

పాతబోర్డు:
అంటే లోపం మీ కోడుదే. ఆ స్థితి సందేశాన్ని రెండున్నర సెకన్లు ఆపి ఉంటే సరిపోయేది. దానికి బోర్డు మీద తీగ ఎందుకు? డయల్ చేస్తుండగా ఒక్క అక్షరం పంపినా కాల్ రద్దవుతుంది. అది తెలిసి అప్పుడు నోరు మూసుకున్న ప్రోగ్రాము, ఇప్పుడు మాత్రం మూసుకోలేదా?

విద్యార్థిని_22:
మౌనమే అవసరం లేకుండా +++ను గుర్తించే మోడెమ్‌లు కూడా ఉన్నాయని చదివాను. అవి వాడకూడదా?

ఎనిమిది_బిట్లు:
వద్దమ్మా. మౌనం షరతుకు హేస్ పేటెంటు ఉండటం వల్ల ఇతరులు ఆ దారి పట్టారు. 1990ల చివర ఇంటర్నెట్‌లో కొందరు పింగ్‌లో (అవతలి కంప్యూటరు పలుకుతుందా అని చూసే సందేశంలో) +++ఏటీహెచ్0 అని పెట్టి పంపేవారు. అందుకున్న కంప్యూటరు అదే పాఠాన్ని జవాబుగా తిప్పి పంపగానే దాని సొంత మోడెమ్ దాన్ని ఆజ్ఞ అనుకొని ఫోన్ పెట్టేసేది. ప్లస్ గుర్తు సంఖ్యను ఉంచే ఎస్2లో 127 కన్నా పెద్ద సంఖ్య పెట్టి ఎస్కేప్‌నే (+++తో బయటికి వచ్చే దారినే) మూసివేయడం దానికి మందు. ఎస్కేప్ మూశాక ఇక డీటీఆర్ తప్ప దారి ఏది?

పాతబోర్డు:
మీ నీటిమట్టం పెట్టెకు పింగ్ ఎవరు పంపుతారు? విషయం నుంచి పక్కకు పోకండి. ఎస్12 విలువ ఎంత పెట్టారు, అది చెప్పండి.

ఎనిమిది_బిట్లు:
50. మూడుసార్లు అదే అడిగినా అదే చెబుతాను. ఎస్12ను 15కు తగ్గిస్తే ఆ రాత్రి గడిచేదేమో, కాని డేటాలో నిజంగా మూడు ప్లస్సులు వచ్చి ఆగితే అప్పుడు ఎవరు బాధ్యులు? అంతేకాదు, కేంద్రం వైపు వచ్చిన అక్షరాలను ఎకో చేసే ప్రోగ్రాము ఉంటే, మన ప్లస్సులు తిరిగి దాని మోడెమ్‌లోకే వెళ్లి దాన్ని కూడా కమాండ్ మోడ్‌లో కూర్చోబెడతాయి. బోర్డు గీసేవారు ఇవేవీ చూడరు. మూడు తీగలు ఇచ్చి, పని జరగకపోతే కోడుదే తప్పంటారు.

పాతబోర్డు:
బోర్డు గీసేవారిని అనకండి. ఇరవై రెండేళ్లుగా గీస్తున్నాను. పీసీబీ తయారై వచ్చాక "ఒక పిన్ను కావాలి" అని అడిగే ప్రోగ్రామర్లనే చూశాను కాని, సర్క్యూట్ గీస్తున్నప్పుడు వచ్చి పక్కన కూర్చున్నవారిని ఒక్కరిని చూడలేదు. ఆప్టోకప్లర్ ఖర్చు ఎందుకు పెరిగిందని నిలదీసేది నన్ను, మిమ్మల్ని కాదు.

ఎనిమిది_బిట్లు:
పిలిస్తే వచ్చి కూర్చునేవాణ్ణి. నా చేతికి బోర్డు వచ్చిన రోజే దానికి డీటీఆర్ లేదని నాకు తెలిసింది. నా కోపం మూడు ప్లస్సుల మీద కాదు, పాతబోర్డు గారూ. మోడెమ్ మాట వినకుండా మొండికేస్తే దాన్ని దారికి తెచ్చే ఉపాయం ఉండాలా వద్దా అన్నది నన్ను అడగకుండానే తేలిపోయింది, కాని ఆ బస్సు ఎక్కింది నేను. స్థితి సందేశం ఆపకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. తప్పు చేసిన కోడును కూడా బోర్డు కాపాడగలగాలన్నదే నేను అడుగుతున్నది.

పాతబోర్డు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఎస్12 గురించి అడిగేవాణ్ణి కాదు. మామూలు రోజున ఫోన్ పెట్టేయడానికి +++, ఏటీహెచ్ చాలునని ఇప్పటికీ అంటాను. మొండికేసిన రోజుకు వేరే దారి ఉండాలంటే కాదనను; అయితే అది డీటీఆర్ కన్నా మోడెమ్ రీసెట్ పిన్ను అయితే మేలు, ఎందుకంటే ఎవరైనా పొరపాటున ఏటీ&డీ0 పెట్టి దాచి ఉంటే మోడెమ్ డీటీఆర్‌ను పట్టించుకోదు. గోదారిగట్టు గారూ, మీ బోర్డులో ఖాళీ పిన్ను ఏదైనా ఉందా?

గోదారిగట్టు:
ఖాళీ ఏదీ లేదు. పీ1.7 పిన్నును మాత్రం ముందు పలక మీది ఎర్ర దీపాన్ని వెలిగించడానికి వాడుతున్నాము.

ఎనిమిది_బిట్లు:
రాత్రి పన్నెండు గంటలకు తాళం వేసిన పంపుహౌస్‌లో ఆ దీపాన్ని చూసేవారు ఎవరూ లేరు. దాన్ని రీసెట్‌కు ఇవ్వండి. ముందు +++, రెండుసార్లు ఓకే రాకపోతే రీసెట్, ఆ తర్వాత ఫ్యాక్టరీ అమరికలకు తెచ్చే ఏటీ&ఎఫ్‌తో మొదలుపెట్టి అమరికలన్నీ మళ్లీ పంపడం; ఈ క్రమంలో కోడు నేను రాసి ఇక్కడ పెడతాను.

పాతబోర్డు:
రాసేముందు రీసెట్ పిన్ను ఏ స్థాయిలో పనిచేస్తుందో నన్ను అడగండి. సర్క్యూట్ రేపు గీస్తాను.