డోపమైన్ జీన్ టెస్ట్ మా బాబుకి చేయించాలా, వద్దా?

మాది రాయగడ. బాబుకి తొమ్మిదేళ్లు, ఒడియా మీడియం. ఏడో ఎక్కం సగం చదివేసరికి లేచి కిటికీ దగ్గరికి పోతాడు, క్యారమ్స్ అయితే మాత్రం గంటలకొద్దీ కదలడు. మా మామగారు సారాకి బానిసై పోయారు, అందుకని మా ఆడపడుచు "ఉమ్మి పంపితే చాలు వదినా, చదువు వస్తుందో రాదో, రేపు తాగుడు అంటుకుంటుందో లేదో చెప్పేస్తారట" అని ఒకటే పోరు.

నేను చదివినంతలో, 1990లో డీఆర్‌డీ2 (మెదడులో సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే భాగాన్ని తయారుచేసే జీన్) దగ్గరున్న ఒక తేడాకీ మద్యం వ్యసనానికీ సంబంధం ఉందన్నారు, తర్వాత కొన్ని అధ్యయనాల్లో అది నిలవలేదు, పైగా ఆ తేడా పక్కనున్న ఏఎన్‌కేకే1 జీన్‌లోదని తేలింది. సీఓఎంటీ జీన్ ఇచ్చే ఎంజైమ్ మెదడు ముందు భాగంలో డోపమైన్‌ని విడగొట్టేస్తుంది, అయినా తెలివితేటల మీద దాని ప్రభావం ఉంటే గింటే చాలా తక్కువేనట. తాగుడు రిస్కులో దాదాపు సగం వంశపారంపర్యమే, కానీ అది ఎన్నో జీన్లు తలా కాస్త కలిసి చేసే పని. మరి రెండు మూడు జీన్లు చూసి పిల్లాడి భవిష్యత్తు ఎలా చెప్తారండీ? నాకైతే చిలక జోస్యంలా ఉంది.

పిల్లల డాక్టర్లు, జెనెటిక్స్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ముందు ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య) ఉందేమో చూపించడం మేలా? బరంపురం మెడికల్ కాలేజీకి వెళ్లాలా, విశాఖకా? ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా కాబట్టి వాడితో తెలుగులో మాట్లాడి పరీక్షించేవాళ్లు కావాలి. రిపోర్టులో 'రిస్క్ ఎక్కువ' అని వస్తే ఇంట్లోవాళ్లు వాడిని చూసే తీరే మారిపోతుందని నా టెన్షన్. ఆడపడుచుని నొప్పించకుండా ఎలా ఆపాలో కూడా కాస్త చెప్పండి.